ఉప్పుగాలిలో రెప్పవేయని కన్ను

అండమాన్ విమానాశ్రయంలో లగేజీ బెల్టు నడవాలన్నా, ఆగాలన్నా అగ్గిపెట్టెంత లేని కాంతి సెన్సర్ సరేననాలి. దాన్ని కొనడం తేలిక. నడిసముద్రంలో దాని చూపు మసకబారకుండా కాపాడుకోవడమే కష్టం.

విమానం దిగిన ప్రయాణికులంతా ఒకే వైపు చూస్తూ నిలబడే చోటు ఏ విమానాశ్రయంలోనైనా ఒకటే: లగేజీ బెల్టు. 2024 సెప్టెంబర్ దాకా పోర్ట్‌బ్లెయిర్‌గా పిలిచిన శ్రీవిజయపురంలోనూ అంతే. బెల్టు కదులుతుంది, రెండు పెట్టెలు వస్తాయి, ఆగుతుంది. ఎవరో విసుక్కుంటారు. మళ్లీ కదులుతుంది. ఎవరూ మీట నొక్కినట్టు కనబడదు. గోడ అవతల, రబ్బరు తెరల వెనక, బెల్టు అంచుకు బిగించిన ఒక చిన్న డబ్బా ఆ పని చేస్తుంటుంది. తన ముందు ఏదైనా ఉందా, లేదా? దానికి తెలిసింది ఆ ఒక్క విషయమే. అది సూట్‌కేసా, బియ్యం బస్తానా, ఎవరిది, ఎక్కడికి పోవాలి అన్నవేవీ దానికి పట్టవు. ఉంది, లేదు అన్న ఆ రెండు మాటల మీదే బెల్టు నడక అంతా ఆధారపడి ఉంటుంది.

దాని పేరు ఫొటో ఎలక్ట్రిక్ సెన్సర్. టెక్నీషియన్లు ముద్దుగా ‘ఫొటో ఐ’ అంటారు. సిమెంటు బస్తాలు మోసే బెల్టు మీద, బిస్కెట్ ప్యాకెట్లు, మందుల సీసాలు లెక్కపెట్టే లైన్ల మీద, లిఫ్టు తలుపుల మధ్య కూడా ఉండేది ఇదే. పెద్ద పరిశ్రమలంటూ లేని అండమాన్ నికోబార్ దీవుల్లో ఈ కన్నుతో నడిచే కన్వేయర్‌ను మామూలు మనిషి దగ్గరగా చూడగలిగే చోటు విమానాశ్రయమే. వీర సావర్కర్ అంతర్జాతీయ విమానాశ్రయంలో కొత్త టెర్మినల్‌ను ప్రధాని నరేంద్ర మోదీ 2023 జులై 18న ప్రారంభించారు. ఖర్చు దాదాపు రూ.710 కోట్లు. విస్తీర్ణం 40,800 చదరపు మీటర్లు. 28 చెకిన్ కౌంటర్లు, మూడు ఏరోబ్రిడ్జిలు, నాలుగు కన్వేయర్ బెల్టులు. ఏటా 50 లక్షల మంది ప్రయాణికులకు సరిపోయేలా కట్టారు. 2011 లెక్కల ప్రకారం దీవుల జనాభా 3.8 లక్షలు. అంటే ఉన్న జనానికి 13 రెట్ల మంది సామాను దాటించగల ఏర్పాటన్నమాట.

ఇంత పెద్ద ఏర్పాటు ఎక్కడుందో గుర్తుంచుకోవాలి. చెన్నై నుంచి 1,190 కిలోమీటర్లు, విశాఖపట్నం నుంచి 1,200 కిలోమీటర్లు, కోల్‌కతా నుంచి 1,255 కిలోమీటర్ల సముద్రం దాటితే గాని రాని చోటు. హైదరాబాద్‌లో సెన్సర్ పాడైతే మనిషిని పంపించి మధ్యాహ్నానికల్లా తెప్పించుకోవచ్చు. ఇక్కడ స్టోర్లో లేని వస్తువు విమానంలో రావాలి. లేదంటే ఓడలో, దాదాపు మూడు రోజులు.

తెలిసింది రెండే మాటలు

ఈ కన్ను పనితీరులో మంత్రమేమీ లేదు. ఒక చిన్న ఎల్ఈడీ కాంతిని పంపుతుంది. ఆ కాంతి పడగానే విద్యుత్తును పుట్టించే ఫొటోడయోడ్ ఇంకొకటి. మధ్యలో వస్తువు వస్తే కాంతి తెగుతుంది, కరెంటు మారుతుంది, కబురు కంట్రోల్ ప్యానెల్‌కు పోతుంది. వెలుగు సోకితే లోహం నుంచి విద్యుత్తు వెలువడుతుందని జర్మనీ శాస్త్రవేత్త హైన్‌రిక్ హెర్ట్జ్ 1887లో గమనించాడు. ఎందుకలా అన్నది 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. ఆయనకు 1921 నోబెల్ బహుమతి దక్కింది సాపేక్ష సిద్ధాంతానికి కాదు, ప్రధానంగా ఈ వివరణకే. సరిగ్గా ఆ 1905లో పోర్ట్‌బ్లెయిర్‌లో సెల్యులర్ జైలు నిర్మాణం ముగింపు దశలో ఉంది. మధ్యలో ఒక బురుజు, దాని చుట్టూ చక్రం ఆకుల్లా ఏడు విభాగాలు. బురుజు మీది కాపలావాడు ఏడింటినీ చూడగలిగేలా కట్టిన కట్టడం అది. అన్నిటినీ ఒక్క కన్నే చూడాలన్నది ఆ జైలు లెక్క. కన్వేయర్ లెక్క దానికి తలకిందులు. ఒక్కో కన్ను ఒక్క గీతనే చూస్తుంది, అలాంటివి బెల్టు పొడవునా పదులకొద్దీ ఉంటాయి.

లగేజీ బెల్టు బయటికి ఒకే పట్టీలా కనిపించినా, వెనకాల అది ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ముక్కకో మోటారు, ముక్క చివర ఓ సెన్సర్. ముందు ముక్క నిండిపోతే వెనక ముక్క ఆగుతుంది. ఖాళీ అయితే కదులుతుంది. మనకు కనబడే ఆగడం, కదలడం చాలామటుకు ఈ సర్దుబాటే తప్ప ఎవరి నిర్లక్ష్యమూ కాదు. సెన్సర్ చెప్పే రెండు మాటల నుంచే కంట్రోలర్ ఇంకా చాలా రాబడుతుంది. బెల్టు సెకనుకు అర మీటరు పోతోంది, కాంతి 1.2 సెకన్ల పాటు తెగింది అనుకుందాం. అయితే పెట్టె పొడవు 60 సెంటీమీటర్లు. బెల్టు నడుస్తుండగానే కాంతి మరీ ఎక్కువసేపు తెగి ఉంటే పెట్టె ఇరుక్కుందని అర్థం. రావలసిన వేళకు రాకపోతే దారిలో ఎక్కడో పడిపోయినట్టు. బ్యాగుకు వేలాడే పట్టీ ఒకటి కాంతికి అడ్డం వచ్చి పోతే ఒక బ్యాగు రెండుగా లెక్కకు రావచ్చు. అందుకే చిన్నపాటి అంతరాయాలను పట్టించుకోవద్దని కంట్రోలర్‌కు ముందే చెప్పి ఉంచుతారు.

కాంతిని పంపే తీరులో మూడు రకాలున్నాయి. ఎంపికలో పొరపాటు జరిగేదీ ఇక్కడే. మొదటి రకంలో పంపేది బెల్టుకు ఈ పక్కన, అందుకునేది ఆ పక్కన. చూపు బలం దీనికే ఎక్కువ. కానీ రెండు పక్కలా వైరింగ్ కావాలి. రెండో రకంలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి, అవతల పక్క సైకిల్ వెనక ఉండేలాంటి రిఫ్లెక్టర్ బిగిస్తారు. లగేజీ బెల్టుల మీద తరచూ కనిపించేది ఇదే. మెరిసే ప్లాస్టిక్ చుట్టిన సూట్‌కేసు వస్తే అదే అద్దంలా కాంతిని వెనక్కి కొట్టి సెన్సర్‌ను మోసం చేస్తుంది. దానికి విరుగుడు, రిఫ్లెక్టర్ నుంచి వచ్చిన కాంతిని మాత్రమే లోపలికి రానిచ్చే పోలరైజింగ్ ఫిల్టర్. మూడో రకానికి రిఫ్లెక్టర్ కూడా అక్కర్లేదు. ఎదురుగా వచ్చిన వస్తువు మీద పడి చెదిరి వచ్చే కాంతినే చూస్తుంది. బిగించడం తేలిక, చవక. దీవులకు ఇది అంతగా నప్పదు. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హావ్‌లాక్‌లో, స్కూబా డైవింగ్ చేసి వచ్చేవాళ్ల నల్ల రబ్బరు సంచిని తీసుకోండి. నలుపు కాంతిని మింగేస్తుంది. సెన్సర్ ముందు నుంచి నిండు సంచి పోతున్నా ఏమీ లేదనే చెప్పవచ్చు.

సూర్యుడి సంగతేమిటి? ఈ టెర్మినల్ పైకప్పు సముద్రపు చిప్పను తలపిస్తుంది. పగటి వెలుతురు లోపలికి ధారాళంగా రావడానికి స్కైలైట్లు పెట్టారు. కాంతిని చూసి పనిచేసే పరికరం ఇంత వెలుగులో తికమకపడదా? పాత రోజుల్లో మామూలు బల్బుతో పనిచేసే సెన్సర్లు పడేవి. 1960ల తొలినాళ్లలో ఎల్ఈడీలు వచ్చాక ఆ బెడద తగ్గింది. ఎల్ఈడీని సెకనుకు వేలసార్లు వెలిగించి ఆర్పవచ్చు. అందుకునే పరికరం ఆ లయలో వచ్చిన కాంతినే లెక్కలోకి తీసుకుంటుంది. నిలకడగా పడే ఎండను వదిలేస్తుంది. రెప్పవేయని కన్ను అనుకుంటాం గాని, నిజానికి అది క్షణం తీరిక లేకుండా రెప్పలు కొడుతూనే ఉంటుంది. అయితే ఎండ నేరుగా లెన్స్‌లోకి పడేలా బిగిస్తే ఏ లయా కాపాడలేదు.

ఎండ కాదు, తేమ

అండమాన్‌లో అసలు శత్రువు వెలుగు కాదు, గాలి. రెండు రుతుపవనాలూ తడిపే ఈ దీవుల్లో ఏటా 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. తేమ ఏడాదిలో చాలా కాలం 70 శాతానికి పైనే. ఆ గాలి మోసుకొచ్చే ఉప్పు సన్నని పొరలా ప్రతిదాని మీదా పేరుకుంటుంది. ఉప్పుకు ఒక గుణముంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది నీటిని లాక్కుని కరిగిపోతుంది. ఉప్పు డబ్బా మూత తీసి పెడితే వానాకాలంలో అడుగున నీరు చేరడం తెలియని ఇల్లుండదు. సెన్సర్ లెన్స్ మీదా జరిగేది అదే. పగలు పొర, రాత్రి జిగురు, ఆ జిగురుకు బెల్టు రబ్బరు దుమ్ము.

దీనికి తోడు ఏసీ. ప్రయాణికులుండే హాలు చల్లగా ఉంటుంది. విమానం నుంచి తెచ్చిన సామాను బెల్టు మీదికెక్కించే చోటు దాదాపు బయటి గాలిలోనే ఉంటుంది. రెంటి మధ్య గోడకు కంత, దానికి రబ్బరు తెరలు. ఒక లెక్క చూడండి. బయట 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంటే ఆ గాలి మంచుబిందువు సుమారు 26 డిగ్రీలు. ఏసీ హాలు 24 డిగ్రీల్లో ఉందనుకుంటే, అక్కడి చల్లదనం పట్టిన ఏ వస్తువుకు బయటి గాలి తగిలినా దాని మీద నీరు పడుతుంది. కంత దగ్గరి సెన్సర్ సరిగ్గా ఆ సరిహద్దులో కూర్చుంటుంది. కళ్లజోడుతో ఏసీ గదిలోంచి బయటికొచ్చిన మనిషికి ఏమవుతుందో దానికీ అదే అవుతుంది. తేడా ఏమిటంటే, మనిషి తుడుచుకుంటాడు.

కంపెనీల కేటలాగుల్లో ఐపీ 67 అన్న అంకె గర్వంగా కనిపిస్తుంది. మీటరు లోతు నీటిలో అరగంట ముంచినా లోపలికి చుక్క రాదని దానర్థం. నిజమే. కానీ ఆవిరి పట్టేది లెన్స్ బయటి వైపు. దానికి ఐపీ 67 హామీ ఇవ్వదు. ఇక్కడ చూడవలసిన అంకె వేరే ఉంది. పనిచేయడానికి కావలసిన కనీస కాంతికి ఎన్ని రెట్లు అందుతోంది అన్నది. శుభ్రమైన గదిలో ఒకటిన్నర రెట్లున్నా చాలు. దుమ్ము, ఆవిరి ఉన్నచోట పది రెట్లు, అంతకు మించీ కావాలి. దీవుల టెండర్లలో ధర కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇదే.

మసకబారిన కన్ను ఎటువైపు తప్పు చెబుతుందన్నది ఇంకా ముఖ్యం. ఎదురెదురుగా లేదా రిఫ్లెక్టర్‌తో పనిచేసే రకాల్లో కాంతి రాకపోతే వస్తువు ఉన్నట్టు. లెన్స్ మురికి పట్టితే లేని పెట్టె ఉందంటుంది. బెల్టు ఆగిపోతుంది. జనం తిట్టుకుంటారు గాని ఏదీ విరగదు. చెదిరిన కాంతిని చూసే మూడో రకంలో కథ అడ్డం తిరుగుతుంది. కాంతి రాకపోతే ఏమీ లేనట్టు. మురికి పట్టిన కన్ను ఉన్న పెట్టెను లేదంటుంది. బెల్టు నడుస్తూనే ఉంటుంది, పెట్టె మీద పెట్టె పడుతుంది. ఆగిపోయే తప్పు కావాలా, ఆగకపోయే తప్పు కావాలా అన్నది సెన్సర్ కొన్ననాడే తేలిపోతుంది.

ఇది ఊహాగానం కాదు. అమెరికాలోని డెన్వర్ కొత్త విమానాశ్రయం 1993లో తెరవాల్సింది, 1995 ఫిబ్రవరి 28కి గాని తెరుచుకోలేదు. ఆలస్యానికి పెద్ద కారణం ఆటోమేటిక్ లగేజీ వ్యవస్థ. వంద కంప్యూటర్లు, 5,000 కాంతి కళ్లు, 4,000 చిన్న బళ్లు. పరీక్షల్లో ఒకచోట సామాను గుట్టగా ఇరుక్కుపోయింది. ఆ చోటున్న కన్ను గుట్టను గుర్తించలేకపోయింది. ఆగమని చెప్పేవాళ్లు లేక యంత్రం పెట్టెలు పడేస్తూనే పోయింది. పదేళ్లు లాక్కొచ్చి 2005లో ఆ వ్యవస్థకు స్వస్తి చెప్పారు. డెన్వర్ తప్పులు ఇంకా చాలా ఉన్నాయి, అన్నిటినీ సెన్సర్ నెత్తిన రుద్దడం అన్యాయం. కానీ కంప్యూటర్ ఎంత తెలివైనదైనా దానికి లోకం కనిపించేది ఆ కళ్లతోనే.

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. పెట్టెల్ని చూసే ఈ కన్ను మనుషుల్ని కాపాడటానికి పనికిరాదు. అది పాడైనా ఆ సంగతి తనంతట తాను చెప్పకపోవచ్చు. మనుషుల చేతులు పోయే చోట వాడాల్సినవి తమను తాము నిరంతరం పరీక్షించుకునే సేఫ్టీ లైట్ కర్టెన్లు. లోపం కనిపిస్తే అవి యంత్రాన్ని ఆపేస్తాయి. ధర అనేక రెట్లు ఎక్కువ. ఆదా పేరుతో దాని బదులు ఇది పెట్టడం చిన్న కర్మాగారాల్లో కనిపించే ప్రమాదకరమైన అలవాటు.

రంపం దగ్గరి కళ్లు

దీవుల్లో సామాను కదిలించే యంత్రాలు విమానాశ్రయంతో మొదలు కాలేదు. ఊరికి వంతెనతో కలిసిన చాథమ్ దీవిలోని రంపపు మిల్లు 1883లో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ బాంబు పడిన గుంత ఇప్పటికీ ఆ ఆవరణలో ఉంది. పడౌక్ దుంగ కొలతను కంటితో అంచనా వేసి రంపం దగ్గరికి పంపే పనివాళ్ల మీద ఆ మిల్లు నడిచింది. కెనడా, స్వీడన్ మిల్లుల్లో ఆ అంచనా పని కాంతి తెరల చేతికి పోయింది. చాథమ్‌కు అంత పెట్టుబడి పెట్టాల్సిన అవసరం రాలేదు. చెట్ల నరికివేతపై 2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో మిల్లుకు వచ్చే కలపే తగ్గిపోయింది. అడవి పరంగా అది మేలు, అందులో అనుమానం లేదు.

అడవి పనులకు, రోడ్ల పనులకు, చేపల వేటకు ఈ దీవులకు వచ్చినవాళ్లలో శ్రీకాకుళం, విశాఖ జిల్లాల వాళ్లు ఎందరో. 2011 లెక్కల్లో ఇక్కడ సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వాళ్ల ఓడ బయలుదేరే విశాఖ రేవులో బైలదిల్లా ఇనుప ఖనిజం దశాబ్దాలుగా కన్వేయర్ల మీదే ఓడలకెక్కుతోంది. అలాంటి ఖనిజపు బెల్టుల మీద మాత్రం ఫొటో ఐ ప్రధాన కాపలాదారు కాదు. ఎర్రదుమ్ములో దాని చూపు ఎంతోసేపు నిలవదు. బెల్టు పక్కకు జరిగితే తగిలే స్విచ్, వేగం తగ్గితే పట్టుకునే స్విచ్, ప్రమాదంలో లాగే తాడు వంటి మోటు పరికరాలే అక్కడ దిక్కు. కొత్తదల్లా మంచిది కాదని రేవు ఇంజినీర్లు ఎప్పుడో గ్రహించారు. ఏ చోటికి ఏ కన్ను అన్నది ఆ చోటు గాలి నిర్ణయిస్తుంది.

సెన్సర్ ధర కొన్ని వేల రూపాయలు. రూ.710 కోట్ల భవనంలో అది లెక్కలోకి రాదు. వచ్చిన చిక్కల్లా విడిభాగంతోనే. యూరప్ పద్ధతి యంత్రాల్లో సాధారణంగా పీఎన్‌పీ రకం సెన్సర్, జపాన్ పద్ధతి యంత్రాల్లో ఎన్‌పీఎన్ రకం ఉంటాయి. బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, బిగుస్తాయి కూడా. ఒకదాని బదులు ఇంకొకటి పెడితే కంట్రోలర్‌కు కబురు అందదు. ప్రధాన భూభాగంలో అది దుకాణానికి వెళ్లి మార్చుకొచ్చే పొరపాటు. దీవుల్లో అది ఇంకో ఓడ. అందుకే తెలిసిన ఇంజినీర్లు బెల్టంతా వీలైనంత వరకు ఒకే రకం సెన్సర్ వాడి, పదో పరకో అదనంగా అలమరలో పెట్టుకుంటారు. కొనుగోళ్ల ఫైలులో మాత్రం అలమరలో ఊరికే పడి ఉన్న సరుకుకు సమాధానం చెప్పడం అంత సులువు కాదు.

ఒక వెసులుబాటు వచ్చింది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ కేబుల్ దీవులకు చేరింది. అంతకు ముందు ఉపగ్రహం మీదే ఆధారపడాలి. ఇప్పుడు చెన్నైలో కూర్చున్న ఇంజినీర్ ఇక్కడి కంట్రోలర్ తెరను చూసే అవకాశం ఏర్పడింది. కొత్త తరం సెన్సర్లు ఉంది, లేదు అనడంతో సరిపెట్టకుండా తమకెంత కాంతి అందుతోందో, చూపు ఎంత తగ్గిందో అంకెల్లో చెబుతాయి. అయితే చెన్నై నుంచి చూడవచ్చు, తుడవడం కుదరదు.

తుడిచేవాళ్లు ఇక్కడే తయారు కావాలి. డాలీగంజ్‌లో ప్రభుత్వ ఐటీఐ ఉంది. పహాడ్‌గావ్‌లో డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉంది. ఈ అవసరం విమానాశ్రయంతో ఆగేదీ కాదు. గ్రేట్ నికోబార్‌లోని గలతియా బేలో ఏటా కోటీ 42 లక్షల కంటైనర్ల సామర్థ్యానికి చేర్చాలన్న లక్ష్యంతో ట్రాన్స్‌షిప్‌మెంట్ రేవును తలపెట్టారు. 2022 నవంబర్‌లో ఆ ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి వచ్చింది. షోంపెన్ల అడవి, లెదర్‌బ్యాక్ తాబేళ్ల తీరం ఏమవుతాయన్న వివాదం దానికదే పెద్ద కథ, ఇక్కడ ఇమడదు. రేవంటూ వస్తే మాత్రం క్రేన్లకు, గేట్లకు, బళ్లకు ఇలాంటి కళ్లు లెక్కకు మిక్కిలిగా కావాలి. శ్రీవిజయపురానికే ఓడ దూరమైతే, గ్రేట్ నికోబార్ అక్కడి నుంచి ఇంకా ఎంతో దక్షిణాన ఉంది.

చాలా సెన్సర్ల వీపు మీద చిన్న దీపం ఒకటి ఉంటుంది. కాంతి పుష్కలంగా అందుతుంటే నిలకడగా వెలుగుతుంది. కొన్ని రకాల్లో, చూపు ఇంకా పనిచేస్తున్నా మిగులు తగ్గిపోతే మినుకుమనడం మొదలుపెడుతుంది. బెల్టు ఆగడానికి రోజుల ముందే వచ్చే కబురు అది. మెత్తటి పొడిగుడ్డతో ఉప్పు గీతలు పడుతుంది కాబట్టి ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిస్తే రెండు నిమిషాల పని. ఆ దీపం ఉండేది రబ్బరు తెరల వెనక, ప్రయాణికులకు కనబడని వైపు. ఉదయం తొలి విమానం దిగకముందే ఎవరో ఒకరు అటు నడిచి వెళ్లి చూడాలి.